చూపించడానికి పుట్టిన నంబరు, దాచుకోవాల్సి వచ్చిన కథ

పోయిన ఎపిసోడ్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లు, కార్డు మోసాల గురించి మాట్లాడుకున్నాం కదా. విన్నవాళ్లు కొందరు "అన్నా, ఆ సంవత్సరాలు, ఆ పేర్లు డ్యూటీ బస్సులో వింటే గుర్తుండవు, రాసి పెట్టు" అన్నారు. అందుకే కొంచెం విప్పి, వరసగా రాస్తున్నా. నేను చదివింది ఐటీఐ, చేసేది కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ పని. కాబట్టి బ్యాంకు భాషలో కాదు, సైట్ భాషలో చెప్తా.

ముందు మీ జేబులో కార్డు బయటికి తీయండి. కొంచెం పాతదైతే దాని మీద నంబరు ఉబ్బెత్తుగా ఉంటుంది, వేలితో తడిమితే తగులుతుంది. అంత రహస్యమైన నంబరును ఎవరైనా గుడ్డిగా తడిమినా తెలిసేట్టు ఎందుకు గుద్దారు? జవాబు చాలా సింపుల్. అది రహస్యం కాదు. ఆ నంబరు పుట్టిందే పదిమందికి చూపించడానికి. ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చింది, చూపించడానికి పుట్టిన నంబరే తాళంచెవి అయి కూర్చుంది. మనం ఇవాళ పడుతున్న తిప్పలన్నీ అక్కడ మొదలైనవే.

రేకు ముక్క నుంచి ప్లాస్టిక్ ముక్క దాకా

మన ఊళ్లో కిరాణా సేటు దగ్గర ఖాతా ఎట్లా నడిచేది? మొహం చూసి పుస్తకంలో రాసుకునేవాడు. "ఫలానా ఆయన కొడుకు" అంటే చాలు, ఇంకో కాగితం అక్కర్లేదు. అమెరికాలో ఊళ్లు పెద్దవయ్యాక, దుకాణాల్లో పనిచేసేవాళ్లు మారిపోతూ ఉన్నాక, మొహాలు గుర్తుపట్టడం కుదరలేదు. 1930ల నుంచి 1950ల దాకా అక్కడి పెద్ద దుకాణాలు తమ ఖాతాదారులకు చార్జా-ప్లేట్ అని ఒక చిన్న రేకు ముక్క ఇచ్చేవి. సైనికుల మెడలో వేలాడే గుర్తింపు బిళ్ల లాంటిది. దాని మీద మనిషి పేరు, ఊరు ఉబ్బెత్తుగా గుద్ది ఉండేవి. రేకును చిన్న యంత్రంలో పెట్టి నొక్కితే ఆ అక్షరాలు బిల్లు మీద అచ్చు పడేవి. అంటే మొహానికి బదులు రేకు వచ్చింది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: మొదటి నుంచీ కార్డు అంటే డబ్బు కాదు, "నేను ఫలానా" అని చెప్పే గుర్తింపు.

1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా అనే వ్యాపారి, ఆయన భాగస్వాములు కలిసి డైనర్స్ క్లబ్ మొదలుపెట్టారు. ఒక్క దుకాణానికి కాదు, చాలా హోటళ్లకు ఒకటే కార్డు. మొదట్లో అది వట్టి అట్టముక్క. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఇంకో అడుగు ముందుకు వేసింది. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అనే ఊళ్లో సుమారు 60,000 మందికి, వాళ్లు అడగకుండానే, కార్డులు టపాలో పంపేసింది. ఆ బ్యాంక్ అమెరికార్డే 1976లో వీసాగా పేరు మార్చుకుంది.

అడగకుండా పంపిన కార్డుల సంగతి ఏమైందో ఊహించొచ్చు. ఆ తర్వాత పదేళ్లలో మిగతా బ్యాంకులూ అదే పని చేశాయి. టపాలో పోయే కార్డులను దొంగలు దారిలోనే ఎత్తుకుపోయారు. కార్డు కళ్లతో చూడని మనిషికి కూడా బిల్లు వచ్చేది. గొడవ ముదిరి 1970లో అమెరికాలో చట్టం వచ్చింది. అడగకుండా క్రెడిట్ కార్డు పంపొద్దు, కార్డు పోయి ఎవరైనా వాడినా కార్డుదారుడి నెత్తిన 50 డాలర్ల కన్నా ఎక్కువ పడొద్దు అని ఆ చట్టం చెప్పింది. మిగతా నష్టం మోయాల్సింది బ్యాంకులు, వ్యాపారులు.

ఈ 50 డాలర్ల మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కథలో చాలా పెద్ద మలుపు. సైట్‌లో మనకు తెలిసిందే కదా. రిపేరు ఖర్చు ఎవడి నెత్తిన పడుతుందో వాడే ముందు జాగ్రత్త పడతాడు. నష్టం తమ మీద పడ్డాక, తాళాలు గట్టిగా వేయాలని కార్డు కంపెనీలకు బుద్ధి పుట్టింది.

నల్ల కాగితం, లెక్క అంకె, ఇస్త్రీపెట్టె

ఆ రోజుల్లో కార్డుతో కొనడం ఎట్లా ఉండేదంటే, దుకాణంలో ఇనుప యంత్రం మీద కార్డు పెట్టి, పైన రసీదు పెట్టి, పిడి పట్టుకుని ఇటు నుంచి అటు గట్టిగా లాగేవాళ్లు. ఉబ్బెత్తు నంబరు మూడు కాపీల మీద పడేది. మధ్యలో నల్ల కార్బన్ కాగితం. పని అయ్యాక దాన్ని చెత్తబుట్టలో పడేసేవాళ్లు. దొంగలు ఏం చేశారు? చెత్తబుట్టలు వెతికారు. ఆ కార్బన్ కాగితం మీద పేరు, నంబరు, గడువు తేదీ అన్నీ ఉండేవి. ఫోన్‌లో సామాను ఆర్డరు చేయడానికి అవి చాలు. కార్డు మీ జేబులోనే ఉన్నా మీ ఖాతా ఖాళీ కావచ్చని లోకానికి మొదట నేర్పింది ఆ నల్ల కాగితమే.

కార్డు నంబరులో చివరి అంకెకు ఒక చిత్రమైన కథ ఉంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో ఒక లెక్కకు పేటెంట్ అడిగాడు, 1960లో అది వచ్చింది. ముందున్న అంకెలను ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేసి, ఒక పద్ధతిలో కూడితే చివరి అంకె ఎంత ఉండాలో తేలుతుంది. ఇవాళ్టికీ మనం నంబరు తప్పుగా కొడితే వెబ్‌సైట్ వెంటనే "తప్పు నంబరు" అంటుంది చూశారా, అది ఈ లెక్కే. అయితే అది చేయి జారి పడ్డ తప్పును పట్టుకోవడానికి తప్ప దొంగను పట్టుకోవడానికి కాదు. లెవెల్ పైపు గోడ వంకర చూపిస్తుంది, ఇటుకలు ఎత్తుకుపోయినవాణ్ణి చూపించదు కదా.

1960ల మొదట్లో అదే ఐబీఎంలో ఫారెస్ట్ ప్యారీ అనే ఇంజినీరు అయస్కాంత టేపు ముక్కను ప్లాస్టిక్ కార్డుకు అంటించలేక తంటాలు పడుతుంటే, ఇంట్లో ఇస్త్రీ చేస్తున్న భార్య "ఇదిగో దీనితో చూడు" అని ఇస్త్రీపెట్టె ఇచ్చిందని చెప్తారు. వేడికి టేపు అతుక్కుంది. మన కార్డు వెనక నల్ల చార అదే. అందులోనూ ఉన్నది అదే నంబరు, అదే తేదీ. చదివే యంత్రం ఉంటే ఎవరైనా చదవొచ్చు.

12 డాలర్ల 48 సెంట్ల పాటల డిస్కు

ఇప్పుడు ఇంటర్నెట్‌కు వద్దాం. 1994 ఆగస్టు 11న అమెరికాలో నెట్‌మార్కెట్ అనే చిన్న కంపెనీ కుర్రాళ్లు స్టింగ్ అనే గాయకుడి పాటల సీడీని ఫిలడెల్ఫియాలో ఉన్న మిత్రుడికి అమ్మారు. ధర 12 డాలర్ల 48 సెంట్లు, పైన పంపే ఖర్చు. కార్డు నంబరును తాళం వేసి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని గుప్త భాషలోకి మార్చి, నెట్ మీద పంపారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ దాని గురించి రాసింది. మనం ఇవాళ ఫోన్‌లో చెప్పులు కొనే పద్ధతికి ముత్తాత ఆ సీడీ.

1995లో నెట్‌స్కేప్ కంపెనీ ఎస్‌ఎస్‌ఎల్ అనే పద్ధతిని తన బ్రౌజర్‌లో పెట్టింది. అదే ఏడాది బర్క్‌లీ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు ఆ తాళంలో లోపం కనిపెట్టారు. కంపెనీ సరిచేసింది. అట్లా తాళం మెల్లగా గట్టిపడింది.

కానీ అసలు లోపం తాళంలో లేదు. ఎస్‌ఎస్‌ఎల్ చేసింది పైపు పని. మీ ఫోన్ నుంచి దుకాణం దాకా నీళ్లు లీకు కాకుండా పోతాయి. పైపు బాగానే ఉంది, చివర ఉన్న ట్యాంకుకు మూత లేదు. ఎందుకంటే దుకాణంవాడు మీ నంబరు అందుకుని తన కంప్యూటర్‌లో దాచుకుంటాడు. 2000 జనవరిలో ఇది లోకానికి అర్థమైంది. సీడీ యూనివర్స్ అనే ఆన్‌లైన్ దుకాణం నుంచి మూడు లక్షల కార్డు నంబర్లు ఎత్తుకెళ్లానని మాక్సస్ అనే మారుపేరుతో ఒక దొంగ ప్రకటించాడు. లక్ష డాలర్లు అడిగాడు. కంపెనీ ఇవ్వకపోతే వేల నంబర్లు నెట్‌లో పడేశాడు. కొన్నవాళ్ల తప్పు అందులో ఏముంది? ఏమీ లేదు. వాళ్లు దుకాణానికి అవసరం కన్నా ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది, అంతే.

చచ్చిపోయిన మంచి ఆలోచన

నాకు ఈ కథ మొత్తంలో నచ్చిన భాగం ఇది. 1996లోనే వీసా, మాస్టర్‌కార్డ్ కలిసి సెట్ అనే పద్ధతి తయారు చేశాయి. అందులో దుకాణంవాడికి మీరు ఏం కొన్నారో కనిపిస్తుంది, కార్డు నంబరు చదవడానికి వీలుండదు. బ్యాంకుకు నంబరు కనిపిస్తుంది, ఏం కొన్నారో కనిపించదు. ఇద్దరి దగ్గరా సగం సగమే. మన సైట్‌లో స్టోర్‌కీపర్‌కు మెటీరియల్ స్లిప్పు చాలు, నా జీతం ఎంతో వాడికి ఎందుకు? అట్లా అన్నమాట.

ఆలోచన బంగారం. కానీ కొనేవాడు ముందు తన కంప్యూటర్‌లో ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి, డిజిటల్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. జనానికి విసుగొచ్చింది. దుకాణాలకు ఖర్చనిపించింది. ఎస్‌ఎస్‌ఎల్ అయితే నంబరు కొట్టి నొక్కితే అయిపోతుంది. సులువుగా ఉన్నది గెలిచింది, భద్రంగా ఉన్నది ఓడింది. సైట్‌లో హెల్మెట్, బెల్టు సంగతి మనకు తెలుసు కదా. ఏది తొందరగా అయితే మనిషి అదే చేస్తాడు. ఆ తొందర ఖరీదు తర్వాత ఇరవై ఏళ్లు కట్టాల్సి వచ్చింది.

ట్యాంకుకు మూత పెట్టే ప్రయత్నాలు

1990ల చివర కార్డు వెనక మూడంకెల సీవీవీ వచ్చింది. దాన్ని కావాలనే ఉబ్బెత్తుగా గుద్దలేదు, చదునుగా అచ్చు వేశారు. కార్బన్ కాగితం మీద పడకూడదని. వెనక నల్ల చారలో కూడా అది ఉండదు. కాబట్టి ఆ మూడంకెలు చెప్పగలిగినవాడి చేతిలో నిజంగా కార్డు ఉన్నట్టు లెక్క. 2004 డిసెంబరులో కార్డు కంపెనీలన్నీ కలిసి పీసీఐ అనే ఉమ్మడి నియమాలు పెట్టాయి. బ్యాంకు సరే అన్నాక ఏ దుకాణమూ సీవీవీ దాచుకోకూడదని అందులో ఉంది.

నియమం రాయడం వేరు, పాటించడం వేరు. 2005లో కార్డ్‌సిస్టమ్స్ అనే కంపెనీ నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు బయటపడే పరిస్థితి వచ్చింది. దాచకూడని వివరాలు దాచినందుకే అంత నష్టం. 2007లో టీజేఎక్స్ అనే దుకాణాల గొలుసు 4.57 కోట్ల కార్డు నంబర్లు పోయాయని చెప్పింది. దొంగతనం 2005లోనే మొదలైంది. మన సామెత ఉంది కదా, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని. అక్కడ ఆర్నెల్లు కూడా కాదు.

2013 చివర్లో టార్గెట్ అనే పెద్ద దుకాణంలో 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి ఎట్లా వచ్చారో తెలుసా? ఆ దుకాణాలకు ఏసీ, రిఫ్రిజిరేషన్ పని చేసే కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ దొంగిలించి. మనలాంటి పనివాళ్ల గేటు పాసుతో లోపలికి దూరారన్నమాట. ఎంత పెద్ద కంపెనీ అయినా వెనక గేటు ఒకటి ఉంటుంది. అందుకే "ఫేమస్ కంపెనీ కదా, నా వివరాలన్నీ ఇచ్చి సేవ్ చేసుకుంటే ఏమవుతుంది" అనే మాట నేను ఒప్పుకోను.

ఇంకోవైపు కార్డు మీద చిప్పు వచ్చింది. బ్రిటన్‌లో 2006 ఫిబ్రవరి 14 నుంచి దుకాణాల్లో సంతకం పోయి పిన్ను తప్పనిసరైంది. నకిలీ కార్డులు తయారు చేయడం కష్టమైంది. దొంగలు పని మానేశారా? లేదు, కార్డు చూపించే పని లేని చోటికి, అంటే ఫోన్, ఇంటర్నెట్ కొనుగోళ్ల వైపు మళ్లారు. స్లాబ్‌లో ఒక చోట చెమ్మ ఆపితే ఇంకో చోట బొట్టు పడుతుంది. అట్లా నీళ్లు ఆన్‌లైన్ వైపు వచ్చాయి.

2009: మన చేతికి కార్డు వచ్చిన సంవత్సరం

ఇక్కడ మన కథ కలుస్తుంది. నేను 2006లో యూఏఈకి వచ్చినప్పుడు జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవాళ్లు. క్యాంపు ఆఫీసు ముందు లైను, సంతకం రానివాళ్లకు ఇంకు ప్యాడ్, వేలిముద్ర. కార్డు మోసం అంటే ఏంటో మాకు తెలియదు, ఎందుకంటే కార్డే లేదు. 2009లో యూఏఈ ప్రభుత్వం జీతాల భద్రతా వ్యవస్థ తెచ్చింది. అందరూ డబ్ల్యూపీఎస్ అంటారు. జీతం బ్యాంకు లేదా ఎక్స్ఛేంజ్ ద్వారానే పోవాలి, ప్రభుత్వానికి లెక్క కనిపించాలి. జీతాలు ఎగ్గొట్టే కంపెనీలకు అది ముకుతాడు వేసింది. సౌదీలో 2013లో, ఖతార్‌లో 2015లో అలాంటి పద్ధతే వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వచ్చిన మనవాళ్లు వేలమంది చేతికి జీవితంలో మొదటి కార్డు అట్లా వచ్చింది.

విచిత్రం చూడండి. అదే 2009 ఆగస్టు 1 నుంచి మన రిజర్వ్ బ్యాంకు ఇండియాలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో తాళం తప్పనిసరి చేసింది. కార్డు మీద అచ్చయిన వివరాలు సరిపోవు, కార్డు మీద లేనిది ఇంకొకటి కావాలి అని. దానికి వాడిన పద్ధతి వీసా 2001లో తెచ్చింది. అదే తర్వాత మనకు ఓటీపీ రూపంలో అలవాటైంది. చూపించడానికి పుట్టిన నంబరు ఇక ఒంటరిగా తాళంచెవి కాదని ఒక దేశం మొత్తానికి చెప్పిన నియమం అది.

కానీ ఆ నియమం దేశం లోపలి చెల్లింపులకు పెట్టింది. ఇండియా కార్డుతో కొన్ని విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ అడగకుండానే పైసలు పోయేవి. అందుకే 2020లో రిజర్వ్ బ్యాంకు ఇంకో నియమం తెచ్చింది. కొత్త కార్డు మొదట దేశంలో ఏటీఎంలో, దుకాణంలో మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్, విదేశీ వాడకం కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి, వద్దంటే ఆఫ్ చేసుకోవాలి. ఈ స్విచ్చు బ్యాంకు యాప్‌లో ఉంటుంది. మనవాళ్లలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

జీతం కార్డు గురించి ఒక తేడా చెప్పాలి. 1970 నాటి 50 డాలర్ల చట్టం క్రెడిట్ కార్డులకు. అక్కడ పోయేది ముందు బ్యాంకు డబ్బు, తర్వాత బిల్లు మీద గొడవ పడొచ్చు. మన జీతం కార్డు అట్లా కాదు. పోయేది మన చెమట డబ్బే, అదీ ముందే పోతుంది. ఆ నెల ఇంటికి పంపాల్సింది, పిల్లల ఫీజు, చిట్టీ వాయిదా, ఏజెంటుకు కట్టాల్సిన అప్పు మిత్తి అందులోనే ఉంటాయి. తిరిగి వస్తే వస్తుంది, అప్పటిదాకా ఇల్లు గడవాలి కదా.

"అన్నా, ఫోటో పంపాల్నా?"

మా సైట్‌లో స్టీల్ ఫిక్సర్‌గా చేసే జగిత్యాల వైపు తమ్ముడొకడు ఊరికి పోయేముందు చెల్లెకు ఫోను కొందామనుకున్నాడు. సోషల్ మీడియాలో ఒక అమ్మేవాడు దొరికాడు. ధర సగానికి సగం. వాట్సాప్‌లో మాట్లాడితే వాడు కార్డు ముందూ వెనకా ఫోటో, ఎమిరేట్స్ ఐడీ ముందూ వెనకా ఫోటో "వెరిఫికేషన్" కోసం పంపమన్నాడు. తమ్ముడు టీ టైంలో నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఫోటో పంపమంటుండు. పంపాల్నా?"

"ఫోను వాడిది, పైసలు నీవి. నీ ఐడీతోని వానికేం పని?"

"కంపెనీ రూల్ అంటుండు."

"అయితే సామాను తెచ్చిచ్చినంక పైసలు చేతికిస్తా అని అడుగు."

అడిగాడు. వాడు అరగంటలో ఇతని నంబరు బ్లాక్ చేశాడు. ఫోను రాలేదు, పైసలూ పోలేదు.

ఆ రెండు ఫోటోల్లో ఏముందో లెక్కేద్దాం. కార్డు ఫోటోలో నంబరు, తేదీ, పేరు, సీవీవీ. కార్బన్ కాగితం మీద పడకూడదని కావాలనే చదునుగా వేసిన ఆ మూడంకెలు మనమే ఫోటో తీసి పంపినట్టు. ఎమిరేట్స్ ఐడీ ఫోటోలో పుట్టిన తేదీ, ఐడీ నంబరు, సంతకం, మొహం. ఈ రెండూ కలిస్తే పోయేది పైసలే కాదు. మీ పేరు మీద సిమ్ తీయడానికో, వాలెట్ ఖాతా తెరవడానికో ప్రయత్నించొచ్చు. ఆ ఖాతాలో దొంగ సొమ్ము తిరిగితే పోలీసులు ముందు వెతికేది ఆ పేరు గలవాణ్ణే. వీసా మీద బతికే మనకు ఒక కేసు అంటే టికెట్, ఊరు, ఉద్యోగం అన్నీ ఆగిపోతాయి.

ఇంకో సంగతి. కార్డు పోతే ఫోన్ చేసి బ్లాక్ చేయిస్తాం, వారంలో కొత్త నంబరు వస్తుంది. పుట్టిన తేదీ పోతే కొత్త తేదీ ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. అందుకే కార్డు కన్నా పాస్‌పోర్టు, ఐడీ, ఆధార్ కాపీలను ఎక్కువ భద్రంగా చూసుకోవాలి. కార్డుతో డబ్బు తీసుకోవడానికి మామూలు అమ్మకందారుకు ఇవేవీ అక్కర్లేదు. సిమ్ కొన్నా, బ్యాంకు ఖాతా తెరిచినా, ఎక్స్ఛేంజ్‌లో డబ్బు పంపినా ఐడీ అడగడం చట్టం. చెప్పులకు, ఫోన్ కవర్‌కు, చీరకు ఐడీ అడిగితే మాత్రం అనుమానించండి.

ఓడిన ఆలోచన తిరిగొచ్చింది

1996లో చచ్చిపోయిన ఆలోచన మెల్లగా వేరే వేషంలో బతికొచ్చింది. 2000లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక్కసారికే పనికొచ్చే నంబర్లు ఇచ్చింది. నాలుగేళ్లు నడిచి ఆగిపోయింది. పేపాల్ లాంటివాళ్లు మధ్యలో నిలబడి, దుకాణంవాడికి నంబరు చూపించకుండా డబ్బు అందించారు. 2014లో ఫోన్‌తో కట్టే యాపిల్ పే వచ్చింది. అందులో దుకాణానికి పోయేది మీ అసలు నంబరు కాదు, దాని బదులు ఇంకో నంబరు. దాన్ని టోకెన్ అంటారు.

టోకెన్ అంటే గేటు పాసు అనుకోండి. ఆ సైటుకే చెల్లుతుంది. దొంగ ఎత్తుకెళ్లి ఇంకో గేటు దగ్గర చూపిస్తే లోపలికి రానివ్వరు. ఇండియాలో రిజర్వ్ బ్యాంకు 2022 అక్టోబరు 1 నుంచి దీన్ని నియమం చేసింది. కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు తప్ప ఏ దుకాణమూ అసలు నంబరు దాచుకోకూడదు. దాచుకుంటే టోకెన్ మాత్రమే. 2000లో మాక్సస్ ఎత్తుకెళ్లిన లాంటి ట్యాంకు ఇక ఖాళీగా ఉండాలన్నమాట.

అయితే మూత వేయని చోటు ఇంకొకటి మిగిలింది. మనం అంకెలు కొట్టే ఆ క్షణం. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వెబ్‌సైట్‌లోకి దొంగలు నాలుగు ముక్కల ప్రోగ్రాం దూర్చి, ప్రయాణికులు కొడుతుండగానే కార్డు వివరాలు, సీవీవీతో సహా, పట్టుకుపోయారు. దానికి 2020లో కంపెనీ మీద 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. వెబ్‌సైట్ అసలుదే, తాళం బొమ్మా ఉంది.

తాళం బొమ్మ గురించి కూడా ఒక మాట. ఇప్పుడు ఆ తాళం ఉచితంగా దొరుకుతుంది, దొంగ వెబ్‌సైట్లూ పెట్టుకుంటాయి. జనం దాన్ని నిజాయితీ గుర్తు అనుకుంటున్నారని 2023లో గూగుల్ క్రోమ్ ఆ బొమ్మే తీసేసింది. స్కాఫోల్డింగ్‌కు గ్రీన్ ట్యాగ్ ఉంటే ఎవరో చూసి సంతకం పెట్టారని అర్థం. తాళం బొమ్మ అలాంటి ట్యాగ్ కాదు. పైపు లీకు లేదని చెప్తుంది, చివర ఉన్నవాడు మంచోడని చెప్పదు.

కథ నుంచి మనం తీసుకోవాల్సింది

రేకు ముక్క నుంచి టోకెన్ దాకా ఈ కథంతా ఒకే దారిలో నడిచింది. అమ్మేవాడికి తక్కువ ఇవ్వాలి, పని మాత్రం జరగాలి. కాబట్టి ప్రతిసారీ మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: "వీడికి ఈ వివరం ఎందుకు?"

జీతం కార్డును నేరుగా వెబ్‌సైట్లలో పెట్టకండి. వర్చువల్ కార్డో, కొంచెం పైసలే వేసి ఉంచే వేరే కార్డో ఆన్‌లైన్ కోసం పెట్టుకోండి. పోయినా అంతవరకే పోతుంది. ఇండియా కార్డుకు విదేశీ వాడకం ఆఫ్ చేసి, అవసరమైనప్పుడు పది నిమిషాలు ఆన్ చేయండి. ఫోన్‌తో కట్టే సౌకర్యం ఉంటే అంకెలు కొట్టడం కన్నా అదే నయం. "కార్డు సేవ్ చేయాలా" అంటే వద్దనండి. కార్డు ఫోటో ఎవరికీ, ఏ కారణానికీ పంపకండి. ఐడీ కాపీ తప్పనిసరిగా ఇవ్వాల్సిన చోట దాని మీద అడ్డంగా ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో రాసి ఇవ్వండి. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది ఇవ్వండి.

"పార్సిల్ ఆగిపోయింది, 3 దిర్హంలు కట్టండి" అని లింకు వస్తే, వాడికి కావాల్సింది 3 దిర్హంలు కాదు, మీ నంబరు. ఆ వెంటనే వచ్చే ఓటీపీ మెసేజ్‌లో ఎంత మొత్తం, ఎవరికి పోతుందో చదవండి. చాలామంది అంకెలు మాత్రమే చూస్తారు, పక్కన రాసిన మొత్తం చూడరు. యూఏఈలో 2025 జూలై నుంచి బ్యాంకులు మెసేజ్ ఓటీపీ బదులు యాప్‌లో ఆమోదం వైపు మారడం మొదలుపెట్టాయి. అక్కడా అంతే, చదవకుండా నొక్కొద్దు.

మనవాళ్లలో చాలామంది ఇండియా సిమ్ ఇంట్లో పెట్టి వస్తారు. ఓటీపీ ఇంట్లోవాళ్ల ఫోన్‌కు వస్తే వాట్సాప్‌లో తెప్పించుకుంటారు. ఒకరోజు ఎవడో మీ గొంతుతోనో, మీ ఫోటో పెట్టిన నంబరుతోనో అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పేస్తారు. బ్యాంకులో ఇక్కడి నంబరు నమోదు చేసుకునే వీలుందేమో అడగండి. సిమ్ ఉంచుకుంటే రీచార్జ్ చేస్తూ ఉండండి. చాలాకాలం వాడని నంబరు రద్దయి ఇంకొకరికి పోవచ్చు.

పైసలు పోతే సిగ్గుపడి నెలాఖరుదాకా దాచకండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 నాటి నియమం ప్రకారం, తప్పు మనదీ కాక, బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్తే మన మీద నష్టం పడదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత పడుతుంది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన లెక్కే, చెప్పాక పోయింది బ్యాంకు లెక్క. కాబట్టి గంట లేటైనా నష్టం మనకే. ముందు బ్యాంకుకు ఫోన్, కార్డు బ్లాక్, తర్వాత పోలీసుల సైబర్ ఫిర్యాదు. ఇండియా ఖాతా అయితే ఇంట్లోవాళ్లతో అక్కడి నుంచి 1930 నంబరుకు చేయించొచ్చు.

మీ దగ్గర ఏ అమ్మకందారైనా వింత వివరాలు అడిగి ఉంటే మాకు వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో పేర్లు లేకుండా వినిపిస్తాం, పదిమందికి పనికొస్తుంది. ఆ మెసేజ్‌లో మీ కార్డు నంబరు మాత్రం చెప్పకండి. మాకెందుకు అది?